చేప కడుపులో తెల్ల టేపు

ఈ నెల పాత మగ్గాల సంగతి రాస్తానని పోయిన నెల చెప్పినాను. దాన్ని వచ్చే నెలకు పెట్టుకుందాం. ఎందుకంటే ఈ ఇరవై రోజుల్లో మా ఆవనిలో ముగ్గురు, బెంగుళూరు నుంచి ఫోన్లో ఇద్దరు నన్ను ఒకటే మాట అడిగినారు. చేపలో పురుగు ఉంటే ఆ చేప తినొచ్చా, తినకూడదా?

సంగతి ఎట్ల మొదలైందో చెప్తాను. మా వీధి మొదట్లో చేపలు అమ్మే అక్క ఒకామె ఉంది. చెరువు వేలం పాడుకున్నోళ్ల దగ్గర తెల్లారుజామున చేప తీసుకొని, పదింటికల్లా అమ్ముకొని ఇంటికి పోతుంది. మొగుడు లేడు. ఇద్దరు పిల్లల చదువు ఆ గంప మీదే. ఒక ఆదివారం ఆమె దగ్గర అరకిలో పరిగెలు కొన్న ఇల్లాలు ఇంటికి పోయి కోస్తే, పొట్ట ఉబ్బిన ఒక చేపలోంచి తెల్లటి టేపు బయటికి వచ్చిందంట. జేనెడుకు పైన పొడుగు, కదులుతా ఉంది. ఆమె కేక పెట్టింది. పక్కింటి పిల్లోడు ఫోన్లో పటం తీసినాడు. మధ్యాహ్నానికి ఊరంతా ఆ పటమే. "బెంగుళూరు మురుగునీళ్ల పురుగు" అని ఒకరు, "తింటే మెదడుకు ఎక్కుతుంది" అని ఇంకొకరు. మరుసటి రోజు నుంచి అక్క గంప నిండుగానే వెనక్కి పోయింది. నాలుగు రోజులు అమ్ముడుపోని చేప గుంట తీసి పూడ్చింది. "అన్నా, నేను మందు పెట్టినానా, విషం పెట్టినానా? చెరువులో పుట్టిందానికి నన్నంటారేంది?" అని మా అరుగు మీద కూర్చొని ఏడ్చింది.

నాది నాలుగో తరగతి చదువు. అయితే మిల్లులో ముప్పై ఏళ్లు రింగు ఫ్రేము మీద పని చేసినోడికి ఒక గుణం వస్తుంది. దారం తెగితే ఫ్రేమును తిట్టడు, యాడ తెగిందో వెతుకుతాడు. అందుకని ఇద్దరిని పట్టుకున్నాను. ఒకరు చేపల శాఖలో పని చేసి రిటైరైన సారు. ఇంకొకరు బీఎస్సీ జంతుశాస్త్రం చదివే నా మనవరాలు. ఆ పిల్ల ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెప్తుంటే నేను రెండు సాయంత్రాలు రాసుకున్నాను. కింద రాసేదంతా వాళ్లు చెప్పింది, నేను మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నది.

ఆ పటం చూడంగానే సారు నవ్వినాడు. "ఇది లిగ్యులా. పట్టీ పురుగు. మీ పరిగెల్లోనే కాదు, దేశంలో చాలా చెరువుల్లో, రిజర్వాయర్లలో కనిపిస్తుంది, ప్రపంచమంతా ఉంది" అన్నాడు. నాకైతే రింగు ఫ్రేము కింద కదుళ్లను తిప్పే టేపు గుర్తొచ్చింది. నాలుగు కదుళ్లకు ఒక టేపు ఉంటుంది, స్పిన్నింగులో చేసినోళ్లకు తెలుసు. ఆ వెడల్పు, ఆ తెలుపు. పేగులో కాదు, పేగు బయట పొట్ట ఖాళీలో చుట్టుకొని ఉంటుంది. ఒక్కోసారి చేప బరువులో మంచి వంతు ఆ పురుగుదే అవుతుంది.

దాని బతుకు వినండి, కథ లాగ ఉంటుంది. ఈ పురుగు గుడ్డు పెట్టేది చేపలో కాదు, పక్షి కడుపులో. నీటికాకి, కొంగ, మునుగుడు కోడి, ఇట్లాంటివాటి పేగులో. పక్షి రెట్ట వేస్తే గుడ్లు నీళ్లలో పడతాయి. పగిలి కంటికి కనపడని పిల్లలు ఈదుతాయి. వాటిని నీటి ఈగ తింటుంది. నీటి ఈగ అంటే సైక్లాప్సు అనే చిన్న పురుగు, చెరువు నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు పెడితే చుక్క లాగ ఎగురుతా కనిపిస్తుంది. నీటి ఈగను చేప తింటుంది. చేప పొట్టలో ఆ పిల్ల నెలల తరబడి పెరిగి టేపు అవుతుంది. ఇంక ఇక్కడే దాని తెలివి చూడండి. పురుగు ఉన్న చేపకు గుడ్లు కట్టవు, సంతానం ఉండదు. పొట్ట ఉబ్బి లోతుకు పోలేక పైపైన తేలుతుంది. పైన తేలేదాన్ని కొంగ సులభంగా పట్టుకుంటుంది. కొంగ కడుపులో నలభై డిగ్రీల వేడి. ఆ వేడి తగలంగానే రెండు మూడు రోజుల్లో పురుగు పెద్దదై, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. నెలలు నెలలు చేపలో కాచుకొని కూర్చున్నది ఆ నాలుగు రోజుల కోసమే.

మనిషి ఈ దారిలో యాడా లేడు. లిగ్యులా మన కడుపులో బతికే పురుగు కాదు. పైగా మనం దాన్ని పొట్టతో పాటు తీసి పారేస్తాం, కండలో అది ఉండదు. మిగిలిన చేప ఉడికిస్తే మామూలు చేపే. చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, అది నిజమే. జలదరించేదంతా విషం కాదు.

ఇంక బెంగుళూరు నీళ్ల మాట. మన కోలారు జిల్లాలో ఏడాదంతా పారే ఏరు లేదు. చెరువులే మన ఏర్లు. 2018 జూన్ నుంచి బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం కింద పైపుల్లో కోలారు చెరువులకు తెస్తున్నారు. మొదట నిండింది నరసాపుర దగ్గర లక్ష్మీసాగర చెరువు. రెండు అంచెల శుద్ధి చాలదు, మూడో అంచె కూడా చేసి పంపండి అని రైతులు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు కూడా పోయినారు. ఆ కొట్లాట న్యాయమైందే అని నా ఉద్దేశం. ఆ నీళ్లలో ఏముందో పరీక్ష పెట్టి జనానికి చెప్పాల్సిందే. అయితే ఆ కోపం తెచ్చి ఈ టేపు మీద, ఈ అక్క గంప మీద పెట్టకూడదు. ఈ పురుగు పైపులో రాలేదు, రెక్కల మీద వచ్చింది. 2021 నవంబరు వానలకు ఎన్నో ఏండ్ల తర్వాత మన చెరువులు నిండి మరవ పారినాయి, మీకు గుర్తుంటుంది. నీళ్లు నిలిస్తే చేప వస్తుంది, చేప ఉంటే కొంగ వస్తుంది, కొంగ వస్తే దాని కడుపులోది వస్తుంది. ఎండిన చెరువులో చేపా లేదు, పురుగూ లేదు. అట్లాంటి ఏండ్లు కూడా చాలా చూసినాం.

మిగతావి త్వరగా చెప్తాను. చేప చర్మం మీద, రెక్కల మీద నల్ల చుక్కలు కనిపిస్తే అవి నత్తలోంచి వచ్చే పురుగు పిల్లలు, చేప ఒళ్లు వాటి చుట్టూ నల్లరంగు కడుతుంది. కండలో పసుపుపచ్చ గింజ లాంటిది కనిపిస్తే అది ఇంకొక రకం, అదీ నత్త నుంచే, కొంగకు పోవాల్సిందే. కొర్రమీను పొట్టలో ఎర్రదారం చుట్ట లాగ ఒకటి ఉంటుంది. వాలుగ గాలితిత్తిలో నల్ల జలగ లాంటిది ఉంటుంది. పొలుసుల మధ్య సూది గుచ్చుకున్నట్టు వేలాడేదాన్ని లంగరు పురుగు అంటారు గానీ అది పురుగే కాదు, రొయ్య జాతి. కొల్లేరు పక్క చేపల గుంటల వాళ్లను బాధపెట్టే చేప పేను కూడా అంతే. ఇవన్నీ చేపకు కష్టం, పెంచేవాడికి నష్టం. ఉడికించి తినేవాడికి కాదు.

నేను రెండుసార్లు అడిగింది ఒకటే. "మనిషికి ఎక్కేవి అసలు లేవా సారూ?" ఉన్నాయి. కానీ అన్నిటికీ తలుపు ఒకటే, పచ్చి చేప.

థాయిలాండు ఈశాన్యంలో పేదలు పొలం గుంటల్లో చిన్న చేప పట్టి, తరిగి, నిమ్మరసం, మిరపకాయ కలిపి పచ్చిగానే తింటారు. ఆ చేపలో ఆకు ఆకారం పురుగు పిల్ల ఉంటుంది. అది మనిషి కాలేయం నుంచి పైత్యం దిగే గొట్టంలో చేరి ఏండ్ల తరబడి బతుకుతుంది. చివరికి కొందరికి ఆ గొట్టానికే కేన్సరు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం 1994లోనే ఈ పురుగును కేన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది. వాళ్లు కూడా మన లాగ కూలోళ్లే, పొలం పని చేసేవాళ్లే. నిమ్మరసం పడితే చేప తెల్లబడుతుంది, ఉడికినట్టు కనిపిస్తుంది. పురుగు చావదు. ఇది మన వాళ్లు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. చింతపండు, ఉప్పు, కారం, సారాయి, దేంతోనూ నమ్మకంగా చావదు.

చల్లటి దేశాల చెరువు చేపల్లో ఇంకొక బద్దె పురుగు ఉంది. అది మనిషి పేగులో ముప్పై అడుగులు కూడా పెరుగుతుంది. మనం తిన్నదాంట్లో బీ12 విటమిను అది లాక్కుంటుంది, రక్తం తగ్గుతుంది. అమెరికాలో యూదుల ఇండ్లలో చేపను ముద్ద చేసి వండే పండుగ వంటకం ఉంది. వండే ముసలమ్మలు ఉప్పు సరిపోయిందా అని పచ్చి ముద్ద నాలుక మీద వేసుకొని చూసేవాళ్లు. ఇంట్లో అందరూ బాగుండి ఆ ముసలమ్మకే పురుగు పట్టేదంట. ఈ మాట విని మా ఆమె తిట్టింది, "అన్ని దేశాల్లోనూ ఉప్పు చూసేది ఆడదే, బాధ పడేదీ ఆడదే" అని. మన దేశంలో ఈ పురుగు చాలా అరుదు. అయినా తొమ్మిదేండ్ల పాపకు వచ్చిందని 2011లో డాక్టర్లు వైద్య పత్రికలో రాసినారు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే దొంగతనమవుతుంది. మృగశిర కార్తె రోజు హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిన కుటుంబం వాళ్లు ఉబ్బసానికి చేప ప్రసాదం ఇస్తారు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందు పెట్టి మింగిస్తారు. ఎంతెంత దూరాల నుంచో లక్షల్లో జనం పోతారు, మన కాలనీల నుంచి కూడా పోయినోళ్లు ఉన్నారు. దానికి శాస్త్రం ఆధారం లేదని జనవిజ్ఞాన వేదిక వాళ్లు ఏండ్లుగా చెప్తున్నారు. నమ్మేవాళ్ల నమ్మకం జోలికి నేను పోను. అయితే థాయిలాండులో చర్మం కింద పాకే ఒక పురుగు ఉంది, అది పచ్చి కొర్రమీను జాతి చేపల నుంచే మనిషికి వస్తుంది. ఆ మైదానంలోనే మాంసం తినని వాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. పోవాలనుకునేవాళ్లు పిల్లలకైనా ఆ బెల్లంది అడిగి తీసుకోండి అంటాను.

హైదరాబాదు దాకా ఎందుకు? మా చెరువు కట్ట మీద ఆదివారం సాయంత్రం చూడండి. పని దొరకని పిల్లోళ్లు నలుగురు చేరి, గాలం వేసి జిలేబి చేప పట్టి, నాలుగు పుల్లలు వేసి, సీసా పక్కన పెట్టుకొని కాలుస్తారు. పైన మాడిపోయి ఉంటుంది, ముల్లు పక్కన కండ ఎర్రగా పచ్చిగా ఉంటుంది. తొందరలో అట్లే లాగిస్తారు. ఆ పటం చూసి భయపడి గంప చేప మానేసినోళ్ల ఇండ్ల పిల్లలే వీళ్లు. ఆడ భయం లేదు, ఈడ భయం. నాకు నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు.

కాబట్టి వంటింట్లో ఏం చేయాలి? పులుసు పెడితే భయమే లేదు, మరిగే పులుసులో ఏ పురుగూ బతకదు. చేప ముక్క మధ్యలో 63 డిగ్రీల వేడి తగిలితే చాలు. కొలిచే గొట్టం మన దగ్గర లేదు గదా, ముల్లు పక్కన కండ తెల్లబడి విడిపోతే ఉడికినట్టు. వేపుడులోనే జాగ్రత్త, లావు ముక్కలు పెద్దమంట మీద వేస్తే పైన కరకరమంటుంది, లోపల పచ్చి. గాట్లు పెట్టి సన్నమంట మీద వేయించండి. ఫ్రిజ్జులో పెడితే చస్తాయని కొందరి నమ్మకం. సున్నాకు కింద ఇరవై డిగ్రీల చలిలో ఏడు రోజులు ఉంచితే చస్తాయి. కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయే మన ఇండ్ల ఫ్రిజ్జు మీద ఆ నమ్మకం పెట్టుకోకండి. చేప కోసిన కత్తిపీటతోనే ఉల్లిపాయ తరిగి పచ్చిగా తినడం మానండి. ముందు ఉల్లిపాయ తరిగి, తర్వాత చేప కోయండి. పని అంతే, వరుస మారింది.

అక్క సంగతి కూడా చెప్పాలి. సారును నేను పిలుచుకొని వస్తే, ఆయన గంప ముందర నిలబడి నాలుగు చేపలు కోసి చూపించినాడు. మూడిట్లో ఏమీ లేదు, నాలుగో దాంట్లో టేపు. దాన్ని నీళ్ల గిన్నెలో వేసి పిల్లలందరికీ చూపించి, ఇప్పుడు రాసిందంతా పది నిమిషాల్లో చెప్పినాడు. అప్పటి నుంచి ఆమె పొట్ట ఉబ్బిన పరిగెలు ఏరి పక్కన పెడుతుంది, పెద్ద చేపయితే కొనేవాళ్ల ఎదురుగానే పొట్ట తీసి ఇస్తుంది. సగం బేరాలు వెనక్కి వచ్చినాయి. మిగతా సగం ఇంకా రాలేదు. రెండు నెలల వడ్డీ మాత్రం ఆమె నెత్తిన ఉంది.

ఆ పొట్ట తీసినప్పుడు వచ్చే పేగుల గురించే నాకు ఇప్పుడు దిగులు. మన వీధుల్లో అవి కుక్కలకు వేస్తారు, లేదంటే చెరువులోనే కడిగి పారేస్తారు. దీనికి మిమ్మల్ని ఒక పాత రోగం దగ్గరికి తీసుకొని పోవాలి. నారికురుపు. అరవై దాటినోళ్లకు పేరు తెలిసి ఉంటుంది. కాలి మీద బొబ్బ లేచి, పగిలి, లోపలి నుంచి దారం లాంటి పురుగు బయటికి వస్తుంది, రెండు మూడు అడుగులు. తెగకుండా పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగేవాళ్లు. మా జేజి చెప్పేది, కండె చుట్టినట్టు చుట్టాల, తెగితే ప్రాణం మీదికి వస్తుంది అని. అది కూడా మనకు ఆ నీటి ఈగతోనే వచ్చేది, దిగుడుబావి నీళ్లు వడకట్టకుండా తాగితే. మన కర్ణాటక, ఆంధ్ర రెండూ ఆ రోగం ఉన్న రాష్ట్రాలే. దాన్ని తరిమింది టీకా కాదు, మాత్ర కాదు. బావి మెట్లు మూసి, బోర్లు వేసి, బట్టతో నీళ్లు వడకట్టమని ఇంటింటికీ చెప్పి తరిమినారు. బట్ట! నీటి ఈగ దూరలేనంత దగ్గర నేత ఉంటే చాలు. మన చేతుల్లో నడిచిన సరుకు ఇంత పని చేసిందని చదివిన రోజు నాకు ఛాతీ పొంగింది. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్ జోధ్‌పూర్ జిల్లాలో. 2000 ఫిబ్రవరిలో దేశం ఆ రోగం నుంచి బయటపడిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ప్రపంచంలో మాత్రం అది పూర్తిగా పోలేదు. 1986లో 35 లక్షల మందికి ఉన్నది 2023కు 14 మందికి దిగింది. ఆ చివరి కొస తెగడం లేదు, కుక్కల వల్ల. ఆఫ్రికాలో ఛాద్ అనే దేశంలో 2019లో పందొమ్మిది వందలకు పైగా కుక్కలకు ఆ పురుగు కనిపించింది. నది ఒడ్డున జాలర్లు చేప కోసి పేగులు కుక్కలకు వేస్తారు, దాంతోనే వస్తుందని అనుమానించి, ఇప్పుడు ఊరూరా గుంట తీసి పేగులు పూడ్చమంటున్నారు. కుక్కకు పురుగు కనిపిస్తే కట్టేసి చెప్పినోళ్లకు బహుమానం కూడా ఇస్తున్నారు.

మన దగ్గర నారికురుపు లేదు. కానీ నీళ్లు, నీటి ఈగ, చేప, పక్షి, కుక్క అన్నీ ఉన్నాయి. అందుకని మా వీధిలో ముగ్గురం కలిసి అక్క గంప పెట్టే చోటికి వెనక, చెరువుకు దూరంగా మోకాలి లోతు గుంట తీసినాం. ఆమె రోజూ పేగులు అందులో వేసి పిడికెడు సున్నం, నాలుగు పారల మన్ను కప్పుతుంది. మీ కాలనీల్లో ఆదివారం చేపల బండి ఆగే చోట కూడా ఇట్లాంటి గుంట పెట్టుకోవచ్చు. నిండితే పక్కన ఇంకొకటి.

ఇంక పిల్లల కడుపులో పురుగు అని చెప్పి చేప మానిపించిన తల్లులకు ఒక మాట. మన పిల్లలకు మామూలుగా ఉండే ఏలికపాములు, కొంకి పురుగులు చేప నుంచి రావు, మట్టి నుంచి వస్తాయి. చెప్పుల్లేని కాళ్ల నుంచి, కడగని చేతుల నుంచి, బయలుకు పోయే చోటు నుంచి వస్తాయి. దానికి మాత్ర వేరే ఉంది, అల్బెండజోల్. 2015 నుంచి బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తున్నారు, ఎక్కువగా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న. ఏడాది నిండిన పిల్లల నుంచి పందొమ్మిదేండ్ల వాళ్ల దాకా. రెండేండ్ల లోపు పిల్లలకు సగం మాత్ర నలిపి ఇస్తారు, పెద్ద పిల్లలు నమిలి మింగాలి. ఆ రోజు జ్వరమొచ్చో, ఊరికి పోయో మాత్ర తప్పిపోయిన పిల్లలకు వారం తర్వాత మళ్లీ ఒక రోజు పెడతారు, అంగన్‌వాడీ టీచరమ్మను అడిగితే తేదీ చెప్తుంది.